టన్ను దాణాలో పది కిలోలు

బ్రాయిలర్ కోళ్లకు వేసే టన్ను దాణాలో సుమారు 600 కిలోలు మొక్కజొన్న, 300 కిలోలు సోయా చెక్క ఉంటాయి. నూనె, సున్నపురాయి పొడి, భాస్వరం కోసం వేసే డీసీపీ, ఉప్పు లెక్కేసుకున్నాక మిగిలేది పది కిలోలు, లేదా కాస్త అటూ ఇటూ. మెథియోనైన్, లైసిన్ వంటి అమైనో ఆమ్లాలు, విటమిన్లు, జింకు, మాంగనీసు, రాగి, సెలీనియం, మేతను అరిగించే ఎంజైములు, బూజు విషాన్ని పట్టి ఉంచే మట్టి, రక్తపారుడు రోగాన్ని అడ్డుకునే మందు, పేగుల ఆరోగ్యం కోసమంటూ వేసే పొడులు, అన్నీ ఆ పది కిలోల్లోనే సర్దుకుంటాయి. కొన్నింటి మోతాదు టన్నుకు వంద గ్రాములు మించదు. ప్రపంచంలో ఏటా తయారయ్యే పశువుల, కోళ్ల, చేపల దాణా దాదాపు 140 కోట్ల టన్నులు. చైనా, అమెరికా, బ్రెజిల్ తర్వాత నాలుగో స్థానం మనదే. అంత దాణాలో కలిసే ఈ ఫీడ్ యాడిటివ్‌ల వ్యాపారం 3,500 కోట్ల డాలర్లని ఒకరు, 4,500 కోట్లని మరొకరు అంచనా వేస్తారు. అమైనో ఆమ్లాలను కలిపి లెక్కించాలా, విడిగా చూడాలా అన్న దగ్గరే అంచనాలు వేరైపోతాయి. ఏటా అయిదారు శాతం పెరుగుతుందన్న మాట మాత్రం అందరి నోటా వినిపిస్తుంది. ఎంత వేగంగా పెరుగుతోందన్నది అమ్మేవారికి అవసరమైన లెక్క. ఫారం నడిపే రైతుకు, గుడ్డు కొనుక్కునే ఇల్లాలికి కావలసింది వేరే లెక్క. ఈ పొడుల్లో ఏది చెప్పిన పని చేస్తోంది, చేసిందని ఎవరు తూచి చూశారు? ఈ రంగం చరిత్ర మొత్తం పరిశీలిస్తే నాకు ఒకటే కనిపిస్తుంది. పనిని కొలవగలిగిన చోట ఈ పొడులు రైతుకూ, నేలకూ, తినేవారికీ మేలు చేశాయి, పైగా చవకయ్యాయి. కొలిచే నాథుడు లేని చోట అవి ఖరీదుగానే మిగిలాయి, ఒక్కోసారి చేటు కూడా చేశాయి.

కొలత లేకపోతే ఏమవుతుందో ఈ వ్యాపారంలో అన్నిటికన్నా పెద్ద కథే చెబుతుంది, అందులో మన తెలుగువారి పేరు కూడా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలోనే ఆరియోమైసిన్ బయటపడింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్ అది, 1948లో వైద్యానికి అందింది. ఆ ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. కొన్ని నెలలకే అదే ప్రయోగశాలలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోడిపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. వారు వెతుకుతున్నది కొత్తగా కనుగొన్న బి12 విటమిన్‌కు చవకైన వనరు. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని పిల్లలకు పెడితే, బి12 వల్ల రావలసిన దానికన్నా ఎక్కువ బరువు పెరిగాయి. పిప్పిలో మిగిలిపోయిన యాంటీబయాటిక్కే ఆ పని చేస్తోందని తేలింది. 1950 నాటికి ఈ సంగతి అమెరికా పత్రికలకెక్కింది, పదేళ్లు తిరగకుండానే కోళ్ల, పందుల దాణాలో యాంటీబయాటిక్ మామూలు దినుసైపోయింది. జబ్బును నయం చేసే మోతాదు అది కాదు. టన్నుకు కొద్ది గ్రాములు, రోజూ, పుట్టిన దగ్గర నుంచి కోతకు వెళ్లే దాకా. అప్పట్లో బరువు తూచారు, దాణా తూచారు, లాభం తూచారు. కొద్దికొద్దిగా మందు తిన్న బ్యాక్టీరియా ఏమవుతుందన్నది ఎవరూ తూచలేదు. చావనంత మందు రోజూ తగిలితే ఆ మందును తట్టుకునేవే బతికి పిల్లలు పెడతాయి. ఆ గుణాన్ని పక్క జాతి బ్యాక్టీరియాకు కూడా అందిస్తాయి. ఆ నష్టం ఫారం ఖాతాలో పడదు, ఎక్కడో ఆసుపత్రి వార్డులో పడుతుంది. లాభం పొందినవాడూ మూల్యం చెల్లించినవాడూ వేర్వేరు కాబట్టే అర్ధ శతాబ్దం పాటు ఆ అలవాటు సాగిపోయింది.

దాన్ని ఆపిన దేశాల్లో డెన్మార్క్ ఉదాహరణ విలువైనది, ఎందుకంటే అక్కడ ప్రతిదీ రాసిపెట్టారు. 1994లో ఆ దేశంలో మనుషుల వైద్యానికి వాడిన వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ 24 కిలోలు. అదే కుటుంబానికి చెందిన అవోపార్సిన్ పశువుల దాణాలో పడింది 24,000 కిలోలు. ఆ రెండంకెలూ పక్కపక్కన పెట్టాక ఎవరికీ వేరే వివరణ అక్కర్లేకపోయింది. మరుసటి ఏడే అవోపార్సిన్‌ను నిషేధించారు, 1999 ముగిసేసరికి పెరుగుదల కోసం వేసే యాంటీబయాటిక్‌లన్నీ ఆగిపోయాయి. కోళ్ల రైతులు మునిగిపోతారని అప్పట్లో గట్టిగా హెచ్చరించినవారున్నారు. బ్రాయిలర్లలో కిలో మాంసానికి పట్టే దాణా నామమాత్రంగా పెరిగిందే తప్ప దిగుబడి పడిపోలేదు. తల్లి పాలు మానిన పంది పిల్లల్లో మాత్రం విరేచనాలు ఎక్కువయ్యాయి, కొన్నాళ్లు చికిత్స కోసం వాడే మందులూ పెరిగాయి. అది దాచవలసిన సంగతి కాదు. అయినా మొత్తం పశువులకు వాడే యాంటీబయాటిక్‌లు 1994 స్థాయితో పోలిస్తే సగానికి మించి తగ్గాయి. స్వీడన్ 1986లోనే ఈ దారి పట్టింది, యూరోపియన్ యూనియన్ మొత్తంగా 2006 జనవరి 1 నుంచి, అమెరికా 2017లో మనుషులకు ముఖ్యమైన మందుల వరకు, చైనా 2020 జూలైలో అదే బాట పట్టాయి. నేటి యాడిటివ్‌ల వ్యాపారం ఊపందుకున్నది ఇక్కడే. యాంటీబయాటిక్ ఖాళీ చేసిన చోటు కోసం ప్రోబయోటిక్‌లు, సేంద్రియ ఆమ్లాలు, వెల్లుల్లి, ఒరెగానో, దాల్చిన చెక్క నూనెలు, ఈస్టు పొడులు పోటీ పడ్డాయి. రైతు మనసు మారడం వల్ల వచ్చిన గిరాకీ కాదిది. చట్టం మారడం వల్ల వచ్చిన గిరాకీ.

మన దేశంలో చట్టం ఒక్కో మందు దగ్గరా ఆగి ఆగి నడిచింది. ఆసుపత్రుల్లో అన్ని మందులూ విఫలమయ్యాక చివరికి వాడే కొలిస్టిన్‌ను పశువులు, కోళ్లు, ఆక్వా, దాణా అన్నిటా వాడకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ 2019 జూలైలో నిషేధించింది. అంతవరకు అది దాణా బస్తాల్లోనే ఉండేది. రొయ్యల విషయంలో మనల్ని కదిలించింది మన చట్టం కన్నా కొనేవారి ప్రయోగశాల. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ ఆనవాళ్ల భయంతో యూరోపియన్ యూనియన్ 2016 నుంచి మన సాగు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగానికి సగం పరీక్షించడం మొదలుపెట్టింది. దేశంలో పండే రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే. అందులోనూ సుబ్బారావు పుట్టిన భీమవరం చుట్టుపక్కల చెరువులది పెద్ద చెయ్యి. ఒక్క కంటెయినర్ వెనక్కి వస్తే ఆ దెబ్బ ఎగుమతిదారుడి దగ్గర ఆగదు, చెరువు గట్టు దాకా వస్తుంది. కాబట్టి యాంటీబయాటిక్ ముట్టుకోకుండా వైట్ గట్ జబ్బును, విబ్రియో బ్యాక్టీరియాను తట్టుకునే దారి కోసం వనామి రొయ్యల రైతు వెతుకుతున్నాడు. ఆ వెతుకులాటకు తగ్గట్టే గోదావరి జిల్లాల ఆక్వా దుకాణాల్లో గట్ ప్రోబయోటిక్ డబ్బాలు బారులు తీరాయి. అవసరం నిజమైనది. ఆ అవసరాన్ని తీర్చే వస్తువు నిజమైనదేనా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

నిజమైన వస్తువు ఎలా ఉంటుందో చూడాలంటే ఫైటేజ్ దగ్గరికి వెళ్లాలి. మొక్కజొన్న, సోయా, తవుడు, దేన్ని తీసుకున్నా అందులోని భాస్వరంలో మూడింట రెండు వంతులు ఫైటిక్ ఆమ్లంగా ముడిపడి ఉంటుంది. దాన్ని విప్పే ఎంజైము కోడి పేగులో చాలినంత ఉండదు. అందుకే దాణాలో భాస్వరం ఉన్నా పక్షికి అందదు, అంతా రెట్టలో పోతుంది. ఎముక గట్టిపడటానికి, గుడ్డు సరిగా రావడానికి పైనుంచి డీసీపీ కలపాలి. డీసీపీకి మూలం రాతి భాస్వరం, దాన్ని మనం ఎక్కువగా దిగుమతే చేసుకుంటాం. పందుల, కోళ్ల పెంటలోని భాస్వరం నేలలోకి, నీటిలోకి చేరి నెదర్లాండ్స్‌ను ఇబ్బంది పెట్టినప్పుడు ఆ ముడి విప్పే ఎంజైమును బూజు జాతి నుంచి తయారుచేసే మార్గం దొరికింది. 1991లో మొదటి ఫైటేజ్ మార్కెట్‌కు వచ్చింది. టన్నుకు వంద గ్రాముల లోపు వేస్తే డీసీపీ గణనీయంగా తగ్గించుకోవచ్చు, రెట్టలో పోయే భాస్వరమూ తగ్గుతుంది. ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఫైటేజ్ బలానికి ఒక కొలమానం ఉంది, ఎఫ్‌టీయూ అంటారు. డబ్బా మీద గ్రాముకు ఎన్ని ఎఫ్‌టీయూలో అచ్చు వేస్తారు, ప్రయోగశాలలో ఎవరైనా పరీక్షించి చూడవచ్చు. దానివల్ల ఒక కంపెనీ సరుకును ఇంకో కంపెనీ సరుకుతో ధరకు ధర, బలానికి బలం పోల్చగలిగారు. పేటెంట్లు ముగిసి పోటీ పెరిగాక ధర పడిపోయింది. ఒకప్పుడు సంపన్న దేశాల పర్యావరణ చట్టం కోసం పుట్టిన వస్తువు ఇవాళ మన పల్లెటూరి ఫీడ్ మిల్లులో కూడా ఖర్చు తగ్గించే దినుసు.

అమైనో ఆమ్లాల సంగతీ అంతే. మొక్కజొన్న, సోయా కలిపిన మేతలో కోడికి ముందుగా తక్కువ పడేది మెథియోనైన్, ఆ తర్వాత లైసిన్. ఆ తక్కువను భర్తీ చేయడానికి సోయా చెక్క ఎక్కువ వేస్తే మిగతా మాంసకృత్తులన్నీ అవసరానికి మించి పడి, నత్రజనిగా విడిపోయి షెడ్డులో అమ్మోనియా ఘాటవుతాయి. తక్కువ పడిన ఆ రెండు మూడు ఆమ్లాలను విడిగా కొలిచి వేస్తే సోయా తగ్గుతుంది, ఘాటూ తగ్గుతుంది. 2021లో సోయా చెక్క ధర మండిపోయి కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించవలసి వచ్చింది. ఆ రోజుల్లో అమైనో ఆమ్లాల విలువ ఎంతో మన కోళ్ల రైతులకు అర్థమైంది. చైనా దీన్ని జాతీయ విధానంగానే పెట్టుకుంది. 2022లో దాణాలో 14.5 శాతం ఉన్న సోయా చెక్కను 2025కల్లా 13 శాతం లోపుకు దించాలని లక్ష్యం ప్రకటించింది. అమెరికా సోయా మీద ఆధారపడకుండా ఉండేందుకు తమ లైసిన్ ఫ్యాక్టరీలనే ఆయుధం చేసుకుంది.

ఇక్కడ ఈ వ్యాపారంలోని అసలు సూత్రం కనిపిస్తుంది. బలం కొలవగలిగినది ఏదైనా కొన్నాళ్లకు మామూలు సరుకైపోతుంది, ధర దిగుతుంది, తయారీదారుకు మార్జిన్ సన్నగిల్లుతుంది. అందుకే పెద్ద కంపెనీలు తమ భవిష్యత్తు 'స్పెషాలిటీ' విభాగంలో ఉందంటాయి. పేగుల ఆరోగ్యం, రోగనిరోధక శక్తి, ఎండ ఒత్తిడిని తట్టుకునే శక్తి, ఇలాంటివన్నీ ఆ విభాగంలోకి వస్తాయి. ఎంజైములు చేసే నోవోజైమ్స్, బ్యాక్టీరియా కల్చర్లు చేసే క్రిస్టియన్ హాన్సెన్ అనే రెండు డెన్మార్క్ సంస్థలు 2024 జనవరిలో ఒక్కటై నోవోనెసిస్ అయ్యాయి. ఆ మరుసటి ఏడాది అదే సంస్థ డీఎస్ఎం-ఫిర్మెనిక్‌కు తమ ఉమ్మడి దాణా ఎంజైముల వ్యాపారంలో ఉన్న భాగాన్ని 150 కోట్ల యూరోలకు కొనుక్కుంది. డబ్బు ఎటు ప్రవహిస్తోందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇందులో తప్పేమీ లేదు. పేగుల్లోని బ్యాక్టీరియా మీద పరిశోధన మంచిదే, కొన్ని ప్రోబయోటిక్‌లు కొన్ని పరిస్థితుల్లో బాగా పనిచేస్తాయన్నదీ నిజమే. చిక్కేమిటంటే, అవి తెచ్చే తేడా చిన్నది, ఆ చిన్న తేడా ఫారంలో కంటికి ఆనదు.

లెక్క వేసి చూద్దాం. కిలో బరువు పెరగడానికి పట్టే దాణాను ఎఫ్‌సీఆర్ అంటారు. రెండు కిలోల కోడి 1.60 ఎఫ్‌సీఆర్‌తో పెరిగితే 3.2 కిలోల దాణా తింటుంది. ఒక పొడి వేసినందువల్ల ఎఫ్‌సీఆర్ 1.58కి దిగితే 40 గ్రాముల దాణా మిగులుతుంది. కిలో దాణా 40 రూపాయలనుకుంటే కోడికి 1.60 రూపాయల ఆదా. పొడి టన్నుకు అర కిలో, కిలో 400 రూపాయలు అనుకుంటే కోడి మీద పడే ఖర్చు 64 పైసలు. మంచి బేరమే. ఎఫ్‌సీఆర్ 0.02కి బదులు 0.005 మాత్రమే దిగిందనుకోండి, ఆదా 40 పైసలు, ఖర్చు 64 పైసలు, అంటే కోడి కోడికీ నష్టం. లాభానికీ నష్టానికీ మధ్య ఉన్నది కోడికి 30 గ్రాముల దాణా. ఒకే షెడ్డు ఉన్న రైతు పోయిన బ్యాచ్‌కీ ఈ బ్యాచ్‌కీ మధ్య ఇంత చిన్న తేడాను పట్టుకోలేడు. పిల్లల నాణ్యత, ఎండ, మొక్కజొన్నలో తేమ, నీళ్లు, వీటిలో ఏ ఒక్కటి మారినా ఇంతకు పదింతల తేడా వస్తుంది. బ్యాచ్ బాగా వస్తే పొడి గొప్పదంటారు, బాగా రాకపోతే వాతావరణం అంటారు. పది పదిహేను కోళ్ల అరలు పొడి వేసినవీ, అన్నే వేయనివీ పక్కపక్కన పెంచి, గణాంక పద్ధతిలో చూస్తేనే నిజం తేలుతుంది. పైగా విదేశీ కరపత్రంలోని ఫలితం ఇక్కడికి యథాతథంగా రాదు. జైలనేజ్ వంటి ఎంజైములు యూరప్‌లో గోధుమ, బార్లీ మేతల మీద చూపిన ప్రభావం మన మొక్కజొన్న-సోయా మేత మీద అంతగా కనిపించదు, ఎందుకంటే అవి కరిగించే జిగురు పీచు మొక్కజొన్నలో తక్కువ. తవుడు, నూకలు, ఇథనాల్ పిప్పి ఎక్కువ వాడే చోట కథ మళ్లీ మారుతుంది.

తూచి చూసే స్తోమత లేని రైతు అసలు ఎలా ఎంచుకుంటాడు? చాలా చోట్ల ఎంచుకోడు. కాంట్రాక్టు బ్రాయిలర్‌లో పిల్లలూ దాణా మందులూ అన్నీ కంపెనీవే, రైతుకు కిలోకింత పెంపక రుసుము. ఆ కంపెనీకి వేలాది షెడ్ల లెక్కలు చేతిలో ఉంటాయి కాబట్టి ఏది పనిచేస్తోందో దానికి తెలుస్తుంది. గుడ్ల కోళ్ల పెద్ద ఫారాలు సొంతంగా దాణా కలుపుకుంటాయి, న్యూట్రిషనిస్టును పెట్టుకుంటాయి. చిక్కంతా చిన్న లేయర్ రైతుకూ, ఎక్కువగా చెరువు రైతుకూ. ఆక్వాలో దాణా, మందులు అప్పు మీద ఇచ్చేది డీలరే. పట్టుబడి అయ్యాక లెక్క చూసుకుంటారు. అప్పిచ్చినవాడు డబ్బా చేతిలో పెట్టి ఇది వాడు అంటే కాదనడం కష్టం. డీలరును తప్పుపట్టి లాభం లేదు. బ్యాంకు ఇవ్వని అప్పు ఇస్తున్నది ఆయనే, చెరువు ఎత్తిపోతే ఆయన డబ్బూ మునిగేదే. కానీ సలహా ఇచ్చేవాడూ, అప్పిచ్చేవాడూ, సరుకు అమ్మేవాడూ ఒక్కరే అయిన చోట సరుకు గుణం తనంతట తాను నిరూపణ కాదు.

ఈ పొడులన్నీ అనవసరం, మన తాతల కాలంలో పశువులు గడ్డీ తవుడూ తినే బతికాయి కదా అనేవారున్నారు. ఆ మాటలో ఆర్ద్రత ఉంది కానీ లెక్క లేదు. పెరట్లో తిరిగే నాటుకోడి ఏడాదికి పెట్టే గుడ్లు వందకు చేరడమే కష్టం. అది పురుగులు, ఆకులు ఏరుకుని తన విటమిన్లు తానే సంపాదించుకుంటుంది. మూడు వందలకు పైగా గుడ్లు పెట్టే లేయర్ కోడి తినేది మనం వేసింది మాత్రమే. దానికి విటమిన్ డి, కాల్షియం, మాంగనీసు తక్కువైతే పెంకు పలచబడుతుంది, కాళ్లు పడిపోతాయి. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో, తెలంగాణ మూడో స్థానంలో ఉన్నాయి, రెండూ కలిపితే దాదాపు మూడో వంతు. బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో, అంగన్‌వాడీలో గుడ్డు పెట్టగలుగుతున్నామంటే అది అందుబాటు ధరకు దొరకడం వల్లే. ఆ ధర వెనక ఈ పది కిలోల పాత్ర కాదనలేనిది. అందుకే నేను ఈ పొడులు వద్దనడం లేదు. ఇంత అవసరమైన వస్తువును నమ్మకం మీద కొనుక్కోవలసిన గతి రైతుకు పట్టకూడదంటున్నాను.

సహజమైనది, మూలికలతో చేసినది కాబట్టి హాని ఉండదు, పరీక్షలెందుకు అన్నది రెండో వాదన. పంది పిల్లల విరేచనాలకు యాంటీబయాటిక్ బదులు యూరప్ ఎక్కువ మోతాదులో జింక్ ఆక్సైడ్ వాడింది. అదీ సహజ ఖనిజమే. పెంటతో పొలాల్లోకి చేరి నేలలో పేరుకుపోతోందనీ, నిరోధక బ్యాక్టీరియాను పెంచుతోందనీ తేలాక 2022 జూన్‌లో దాన్నీ నిషేధించవలసి వచ్చింది. ఒక ప్రత్యామ్నాయం ఇంకో సమస్య కావచ్చునని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. బంతిపూల సారం దీనికి పక్కనున్న సంగతి. పచ్చసొన ముదురు రంగులో ఉండాలని వినియోగదారులు కోరుకుంటారు కాబట్టి దాణాలో బంతిపూల నుంచి తీసిన లూటీన్ కలుపుతారు. దక్షిణాదిన బంతి సాగుకు అదొక ఆదాయం, హాని ఏమీ లేదు. కానీ రంగు ముదిరినంత మాత్రాన ఆ కోడి ఆరోగ్యంగా పెరిగిందనో, గుడ్డులో మాంసకృత్తులు పెరిగాయనో అర్థం కాదు. గుడ్డు కొనేవారికి ఆ తేడా తెలియాలి.

ఇక ముందు ముందు గిరాకీ బాగా పెరగబోయేది బూజు విషాల మందులకని నా అంచనా. ఇంగ్లండులో 1960లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే కారణం వేరుసెనగ చెక్కలోని బూజు అని తేలింది, అఫ్లాటాక్సిన్ అలా బయటపడింది. తడిసిన మొక్కజొన్న, గాలి ఆడని గోదాము, కోత సమయంలో వాన ఉంటే మన దగ్గర ఏ ఏడాదైనా ఆ ముప్పు తప్పదు. పశువు తిన్న అఫ్లాటాక్సిన్ పాలలోకి ఎం1 రూపంలో వస్తుంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో దేశవ్యాప్తంగా పరీక్షించిన 6,432 పాల నమూనాల్లో 5.7 శాతంలో అది పరిమితికి మించి ఉంది. పాలలో నీళ్లు కలిపారా అని చూసే మనం దాణాలో బూజు ఉందా అని చూడం. ఇప్పుడు మొక్కజొన్న ఇథనాల్ డిస్టిలరీలకు తరలిపోతుండటంతో ధర పెరిగి, ఆ డిస్టిలరీల్లో మిగిలే పిప్పి, డీడీజీఎస్ అంటారే అది, దాణాలోకి వస్తోంది. పిండి పదార్థం పోయి మిగిలిన పిప్పిలో మిగతావన్నీ దాదాపు మూడు రెట్లు చిక్కబడతాయి, బూజు విషంతో సహా. అందుకని టాక్సిన్ బైండర్ అమ్మకాలు పెరుగుతాయి. బెంటొనైట్ మట్టి అఫ్లాటాక్సిన్‌ను బాగానే పడుతుంది, మిగతా బూజు విషాల్లో చాలావాటిని అంతగా పట్టదు. సర్వరోగ నివారిణిలా అన్ని విషాలకూ ఒకటే డబ్బా అని అమ్మితే అది అబద్ధం. పైగా మొక్కజొన్నను సరిగా ఆరబెట్టి కొనడం కన్నా చవకైన బైండర్ లేదు.

సరఫరా గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. విటమిన్ ఎ, ఇ తయారీ ప్రపంచంలో కొద్ది ఫ్యాక్టరీల చేతిలోనే ఉంది. 2024 జూలై 29న జర్మనీలోని లుడ్విగ్‌షాఫెన్‌లో బీఏఎస్ఎఫ్ కర్మాగారంలో ప్రమాదం జరిగితే ఆ రెండు విటమిన్ల ధరలు ప్రపంచమంతటా ఎగబాకాయి. అంతకుముందు ఇదే కొద్దిమంది కుమ్మక్కై ధరలు నిర్ణయించుకున్న చరిత్రా ఉంది. 1999లో అమెరికా న్యాయ శాఖతో రాజీ కుదుర్చుకున్న రోష్ 50 కోట్ల డాలర్లు, బీఏఎస్ఎఫ్ 22.5 కోట్ల డాలర్లు జరిమానా కట్టాయి. అమైనో ఆమ్లాల్లోనూ, విటమిన్లలోనూ ఇప్పుడు చైనాదే పైచేయి. మన దేశంలో పులియబెట్టే పరిశ్రమకు చక్కెర మడ్డి ఉంది, నిపుణులున్నారు. వీటి తయారీ మీద పెట్టుబడి రావలసిన మాట నిజం.

కొలిచి చూసే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు యూరప్ 2003లో ఒక చట్టంతో సమాధానమిచ్చింది. ఏ యాడిటివ్ అయినా భద్రమైనదనీ, చెప్పిన పని చేస్తుందనీ కంపెనీయే ఆధారాలు చూపాలి. స్వతంత్ర నిపుణుల మండలి వాటిని పరిశీలిస్తుంది, అనుమతి పదేళ్లే, ఆ తర్వాత మళ్లీ నిరూపించుకోవాలి. ఇలాంటి నిబంధన ఇక్కడ పెడితే చిన్న తయారీదారులు మూతపడతారని, పెద్ద విదేశీ కంపెనీలే మిగులుతాయని అభ్యంతరం వస్తుంది. అది కొట్టిపారేయదగ్గది కాదు. హైదరాబాదు, విజయవాడ చుట్టూ నిజాయితీగా మంచి సరుకు చేసే చిన్న సంస్థలు ఉన్నాయి, వాటికి కోట్లు ఖర్చయ్యే పరీక్షలు భారమే. అందుకే పరీక్షించే పని ప్రభుత్వ సంస్థలు చేపట్టాలి. కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రాజేంద్రనగర్‌లోనే ఉంది. అక్కడే పి.వి. నరసింహారావు పేరిట పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, రొయ్యలకు చెన్నైలో కేంద్ర ఉప్పునీటి ఆక్వా సంస్థ ఉంది. నామమాత్రపు రుసుము తీసుకుని, ఇక్కడి మేత మీద, ఇక్కడి ఎండలో, పొడి వేసినవీ వేయనివీ పక్కపక్కన పెంచి ఫలితాన్ని అందరికీ తెలుగులో ప్రకటిస్తే చిన్న తయారీదారుకే ఎక్కువ మేలు. ప్రచారానికి డబ్బు లేని మంచి సరుకుకు అంతకన్నా పెద్ద సిఫారసు దొరకదు. ఆంధ్రప్రదేశ్ 2020లో చేపల దాణా నాణ్యతకు ప్రత్యేక చట్టం తెచ్చుకుంది, కాబట్టి ఆక్వాలో పునాది ఉన్నట్టే. డబ్బా మీద కనీసం నాలుగు సంగతులు ఉండాలి: లోపల ఉన్న పదార్థం పేరు, దాని బలం, ప్రోబయోటిక్ అయితే ఏ రకం బ్యాక్టీరియా గ్రాముకు ఎంత ప్రాణంతో ఉందో, గడువు తేదీనాటికి అందులో ఎంత మిగులుతుందో. మన ఎండల్లో నలభై డిగ్రీలు దాటిన దుకాణంలో నిలవున్న డబ్బాలో బతికున్న బ్యాక్టీరియా ఎంతో ఇప్పుడు కొనేవాడికి తెలిసే దారి లేదు.

పాడి పశువుల దగ్గరికి వస్తే అన్నిటికన్నా పాత, చవకైన యాడిటివ్ ఇంకా చాలా ఇళ్లకు చేరనే లేదు. వరిగడ్డి ప్రధాన మేతగా ఉన్న గేదెకు భాస్వరం, జింకు, రాగి చాలవు. మన నేలల్లోనే జింకు లోపం విస్తారం కాబట్టి గడ్డిలోనూ ఉండదు. ఎదకు రాకపోవడం, వచ్చినా చూడి నిలవక తిరగపొర్లడం వెనక తరచుగా ఈ లోపమే ఉంటుంది. ఏ ప్రాంతపు మేతలో ఏ ఖనిజం తక్కువో పరీక్షించి, దానికి తగ్గట్టు కలిపిన మినరల్ మిక్చర్‌ను జాతీయ పాడి అభివృద్ధి సంస్థ చాలా ఏళ్లుగా ప్రోత్సహిస్తోంది. రోజుకు కొద్ది మోతాదు చాలు. ఈత ఈతకూ మధ్య ఎడం రెండు నెలలు తగ్గినా ఏ స్పెషాలిటీ పొడీ ఇవ్వలేని లాభం అది. అయినా దీని గురించి హోర్డింగులు కనిపించవు, ఎందుకంటే దీనిలో మార్జిన్ లేదు.

ఇదిలా ఉండగా వచ్చే పదేళ్లలో పాడిని తాకబోయే పెద్ద అల మీథేన్ తగ్గించే పొడులది. ఆవు పొట్టలో మీథేన్ తయారయ్యే చివరి మెట్టును అడ్డుకునే బోవేర్ అనే పదార్థానికి యూరప్ 2022లో అనుమతి ఇచ్చింది, పాడి ఆవుల్లో సుమారు 30 శాతం తగ్గిస్తుందని అంచనా. డెన్మార్క్ 2025లో పెద్ద మందలకు మీథేన్ తగ్గించే మేతను తప్పనిసరి చేసింది. ఆ ఏడాది చివర్లో కొందరు రైతులు ఆవులు మేత మానేస్తున్నాయని, పాలు తగ్గాయని ఫిర్యాదు చేస్తే దాని మీద విచారణ మొదలైంది. ఫిర్యాదు నిజమో కాదో అక్కడ తేల్చగలరు, ఎందుకంటే ఆవు ఆవుకూ పాల లెక్క, జబ్బుల లెక్క ఉంది. మన దగ్గర బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ టానిన్లున్న మొక్కలతో హరిత ధార అనే మిశ్రమం తయారుచేసింది, మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని సంస్థ చెబుతోంది. మంచి ప్రయత్నం. అయితే మీథేన్ తగ్గితే రెండు గేదెల ఆసామికి చేతికొచ్చేది ఏమీ లేదు, ఆయన కంటికి కనబడేదీ ఏమీ లేదు. కార్బన్ క్రెడిట్ పేరిట ఎవరైనా డబ్బిస్తే, తగ్గిందని ఎవరు ధ్రువీకరిస్తారు? పాల కేంద్రం దగ్గర ఈ పని మొదలుపెట్టవచ్చు. రోజుకు రెండు పూటలా అక్కడ ప్రతి ఆసామి పాలూ కొలుస్తారు, వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల (ఎస్ఎన్ఎఫ్) శాతం చూసి రాస్తారు. ఏ ఇంటి గేదెకు ఏ పొడి, ఏ తేదీ నుంచి వేస్తున్నారో అదే వరుసలో రాస్తే, ఏడాది తిరిగేసరికి వేసిన ఇళ్లనూ వేయని ఇళ్లనూ పక్కపక్కన పెట్టి చూడటానికి జిల్లా స్థాయిలోనే వేల గేదెల లెక్క తయారవుతుంది. మీథేన్ కొలిచే పరికరాలను ఆ లెక్కలో నుంచి ఎంచిన కొన్ని మందల దగ్గరే పెడితే చాలు.